బావ చేతివేగం

"పడిపోయింది! బావా, పడిపోయింది!" అంటూ ఆమె కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతింది. రక్తపరీక్షకని పరగడుపున వరుసలో కూర్చున్నవాళ్లు ఏం పడిపోయిందోనని కాళ్ల కింద వెతుక్కున్నారు. పడింది ప్రోగ్రాం. తను రాసిన ప్రోగ్రాం కళ్లముందే కుప్పకూలితే ఇంత సంబరపడే పిచ్చిది ఎక్కడైనా ఉంటుందా అంటే, ఉంటుంది మరి! అది ఎప్పుడు పడుతుందో, ఎందుకు పడుతుందో అంతుచిక్కక వారం రోజులుగా జుట్టు పీక్కుంటోంది.

ఆ ల్యాబులో రక్తం తీసిన ప్రతి గొట్టానికీ రోగి పేరున్న చీటీ అంటించాలి. ఆ చీటీలు అచ్చువేసే ప్రోగ్రాం తొమ్మిదేళ్లు కిక్కురుమనకుండా నడిచింది. కంప్యూటర్లకు కొత్త ఓఎస్, అదే ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్కించారో లేదో, గోల మొదలైంది. ఒకరోజు ఐదుసార్లు పడేది, ఒకరోజు అసలు పడేదే కాదు. పడితే అదీ ఆమె అక్క భర్త, ల్యాబ్ టెక్నీషియన్, బల్ల దగ్గరున్నప్పుడే. "మీ హస్తవాసి బావా!" అని అందరితోపాటు తనూ నవ్వింది. నవ్వి ఊరుకుంటే బాగుండేది. "ప్రోగ్రాంలో లోపం లేదండీ, ఆయన చేతుల్లోనే ఏదో ఉంది" అని పెద్ద డాక్టరమ్మతో అనేసింది. ఇంకేముంది, ఇవాళ పన్నెండులోగా తేలకపోతే ఆయన్ని స్టోరు గదికి మారుస్తానందావిడ. ఇరవై రెండేళ్లుగా కూర్చున్న బల్ల అది.

అంతకుముందు రెండు రోజులు తనే కూర్చుని నిదానంగా చీటీలు తీసింది. నిక్షేపంగా వచ్చాయి. ఇవాళ మాత్రం "మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే కానివ్వండి" అని పక్కన కూర్చుంది. అప్పుడు కనిపించింది. మిగతావాళ్లు చీటీ బయటికొచ్చేదాకా ఆగుతారు. ఈయన, అది సగంలో ఉండగానే తర్వాతి మనిషి రసీదు స్కాన్ చేసేస్తారు. ప్రోగ్రాం పడింది సరిగ్గా అప్పుడే.

"ఎందుకు బావా అంత తొందర?"

"పాపం, పొద్దున్నుంచీ ఏమీ తినకుండా కూర్చున్నారమ్మా."

ఆమె కోడ్ తెరిచి చూసి నాలిక్కరుచుకుంది. చీటీ పూర్తికాకముందే, మెమరీలో రోగి పేరు పెట్టుకున్న చోటును ప్రోగ్రాం ఖాళీ చేసేస్తోంది. పాత ఓఎస్ ఆ చోటును కాసేపు అలాగే వదిలేసేది. కొత్తది, అద్దింటి యజమానిలా, తాళం చేతికి రాగానే ఇంకొకర్ని దింపేస్తోంది. ఆడలేక మద్దెల ఓడని, ఇన్నాళ్లూ తను చేసింది అదే!

కోడ్‌లో రెండు వరుసలు అటూ ఇటూ మార్చింది. "ఇక కానివ్వండి బావా, మీ ఇష్టం వచ్చినంత వేగంగా!"

ఆయన చేతులు ఆడాయి. పది, ఇరవై, ముప్పై. ఒక్కసారి పడితే ఒట్టు! ఆమె చప్పట్లు కొడుతూ చీటీలు అందుకుంటోంది. ఒకటి చూసి ఆగిపోయింది. దాని మీద ఉన్నది బావ పేరే.

"ఇదేంటి బావా? మీకెందుకు పరీక్ష?"

ఆయన ఇబ్బందిగా నవ్వారు. "చేతుల్లోనే ఏదో ఉందని నువ్వంటే, వణుకు జబ్బేమోనని భయమేసిందమ్మా. మీ అక్కకి చెప్పకు."

అంతలో డాక్టరమ్మ వచ్చింది. మరదలు లేచి, గదిలో ప్రతి ఒక్కరికీ వినపడేలా చెప్పింది.

"ఆయన చేతులకేం కాలేదండీ. తప్పు నాది. తొమ్మిదేళ్ల నాటిది."