నాలుగో సీసా

"ఇందులో మా ఆవిడ చేసేదేమీ లేదండీ. రాత్రి ఫ్రిజ్‌లో పడేస్తే తెల్లారేసరికి దానంతటదే తయారైపోతుంది."

భర్త ఈ మాట అన్నప్పుడు ఆమె వంటింట్లో వచ్చినవాళ్ల కోసం ఆపిల్ ముక్కలు కోస్తోంది. హాల్లో ఆయన ఆఫీసు స్నేహితుడూ, అతని భార్యా కూర్చున్నారు. పొట్ట తగ్గి పెళ్లికొడుకులా తయారయ్యావు, ఆ కిటుకేదో మాకూ చెప్పమని స్నేహితుడు అడిగాడు. దాంతో ఆయన ఖాళీ సీసా ఒకటి చేత్తో పట్టుకుని, ఓట్స్ నానబెట్టుకుని తినడంలో ఉన్న సుఖమంతా వివరిస్తున్నాడు. పొయ్యి ముట్టించక్కర్లేదట, గిన్నెలు మాడవట, పొద్దున్నే ఎవరికీ ఏ శ్రమా ఉండదట. ఆయన గొంతులో ఎకసెక్కం లేదు. ఆమెకు గుచ్చుకున్నది అదే. వెక్కిరించే మనిషికైతే ఎదురు మాట చెప్పొచ్చు. మనసారా నమ్మి చెప్పే మనిషికి ఏం చెబుతాం? పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు స్నేహితుడి భార్య తలెత్తి ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత ఇద్దరూ, ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు, చూపులు తిప్పేసుకున్నారు.

దానంతటదే తయారయ్యే ఆ పదార్థం వెనక ఆమె మధ్యాహ్నాలున్నాయి. భర్తకు తీపి కావాలి, పంచదార కూడదు. అందుకని ఖర్జూరం. అయితే ఖర్జూరం ముక్క నాలుకకు తగలకూడదు. తగిలిందంటే తీసి పళ్లెం అంచున వరసగా పేరుస్తాడు, దొంగను పట్టుకుని నిలబెట్టినట్టు. కాబట్టి గింజ తీసి, నానబెట్టి, వేలికి అంటకుండా జారిపోయేంత మెత్తగా మెదపాలి. అత్తగారివి కట్టుడు పళ్లు. ఆవిడ ఓట్స్‌ను ముందుగా మిక్సీలో ఒక్క తిప్పు తిప్పాలి. ఒకటి ఎక్కువైతే "జిగురు పెడుతున్నావేమిటమ్మాయ్, కాగితాలు అంటించుకోనా?" అంటుంది. పాలు కాచి, పూర్తిగా చల్లారాకే పొయ్యాలి, మీగడ తరక కనబడకూడదు. కాలేజీలో చేరబోతున్న కూతురికి అసలు పాల వాసనే గిట్టదు. దానికి పెరుగు. ఆ పెరుగు ఏమాత్రం పులిసినా సీసా మూత తీసినట్టే తీసి మళ్లీ పెట్టేస్తుంది. ఎండుద్రాక్షకు తొడిమలు గిల్లాలి, బాదం పప్పుకు తోలు వలవాలి. ఇవన్నీ మధ్యాహ్నమే ఎవరి సీసాలో వాళ్లవి వేసి మూతలు పెడుతుంది. సాయంత్రం భోజనాలయ్యాక పాలూ పెరుగూ పోసి, అడుగుదాకా కలిసేట్టు తిప్పి ఫ్రిజ్‌లో పెడుతుంది. పొద్దున వాళ్లు తినేసి లేచాక ఆ సీసాల మెడల్లోకి చెయ్యి పట్టదు. కాస్త ఆలస్యమైందా, గాజుకు అంటుకున్నది ఓట్స్ కాదు, సిమెంటు.

ఆమె తినేది ఆ అడుగున మిగిలినదే. పొడుగాటి చెంచాతో మూడు సీసాలూ గీకితే, కొంచెం ఖర్జూరం, కొంచెం పెరుగు, కొంచెం జిగురు, అన్నీ కలిసి ఏ రుచీ కాని రుచి ఒకటి వస్తుంది. సీసాలు కొన్నప్పుడు నాలుగు వచ్చాయి. నాలుగోది మొదటి వారంలోనే చొక్కాల గుండీలకూ, పిన్నీసులకూ పోయింది. అందులోకి గుండీలు పోసింది ఆమే. ఎవరూ చెప్పలేదు. ఎందుకు పోశావని కూడా ఎవరూ అడగలేదు.

నిజానికి ఈ ఓట్స్‌ను ఇంట్లోకి తెచ్చింది తన కోసమే. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. రెండేళ్ల కిందట, వీధి చివర చూపులేని పిల్లల బడివాళ్లు పాఠాలు చదివి రికార్డు చేసేవాళ్ల కోసం వెతుకుతుంటే ఆమె వెళ్లి గొంతు వినిపించి వచ్చింది. కాలేజీలో వృక్షశాస్త్రం చదువుకుంది కాబట్టి సైన్సు పుస్తకాలు ఆమెకే ఇస్తామన్నారు. జీతం కూడా ఇస్తామన్నారు. ఒక్కటే చిక్కు. రోడ్డు మీద బళ్ల రొద మొదలుకాక ముందే రికార్డింగు ముగించాలి, అంటే పొద్దున్నే వెళ్లాలి. భర్త పేపరు మడిచి, "పొద్దున్నే నువ్వెళ్లిపోతే ఇంట్లో టిఫిన్ సంగతేమిటి?" అన్నాడు. అత్తగారు, "పరాయి పిల్లలకు పాఠాలు చెప్పి మన పిల్లను పస్తులుంచుతుందట" అని గోడకేసి చెప్పింది. అప్పుడు ఆమె నాలుగు చోట్ల విని, చదివి, ఈ నానబెట్టే పద్ధతి కనిపెట్టుకొచ్చింది. ముందే చేసి పెడితే పొద్దుటి పూట ఖాళీ అవుతుందని.

అయింది కూడా. కానీ ఇంట్లో ఆడదాని ఖాళీ వీధిలో గుంటలాంటిది, ఎక్కడెక్కడి నీళ్లూ దాన్లోకే చేరతాయి. పొద్దున ఎలాగూ పొయ్యి పని లేదు కదా అని భర్త చొక్కాల ఇస్త్రీ చాకలి కొట్టు నుంచి ఇంటికొచ్చింది. ఎలాగూ తీరికే కదా అని అత్తగారి మోకాళ్లకు నూనె పట్టించడం సాయంత్రం నుంచి పొద్దుటికి మారింది. కూతురు చదువుకునే గది, కిటికీ తెరలు, మేడమీద మొక్కలు, ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. కొన్నాళ్లకు ఆమె మళ్లీ బడి మాటెత్తితే భర్త నొచ్చుకున్నాడు. "ఇప్పుడే కదా ఇల్లు ఒక గాడిన పడింది. మళ్లీ ఎందుకు కదుపుతావు?" ఆ గాడి ఎవరి వీపు మీద పడిందో ఆయన చూడలేదు.

స్నేహితులొచ్చి వెళ్లిన మర్నాడే బడి నుంచి ఫోనొచ్చింది. ఇన్నాళ్లూ చదివినావిడ ఊరు మారిపోతోందట. పరీక్షలు దగ్గర పడ్డాయి, ఒకసారి వచ్చి అవునో కాదో తేల్చి చెప్పమని ప్రిన్సిపాలమ్మ అడిగింది. ఈసారి కాదంటే ఇక అడిగేది లేదని ఆవిడ నోటితో అనలేదు, ఆ మాట గొంతులో ఉంది.

ఆ సాయంత్రమే ఆమె వెళ్లింది. గోడలకు గుడ్డ పరుపులు కొట్టిన చిన్న గది, మధ్యలో బల్ల, మైకు. ఎదురుగా చెవులకు పెట్టుకునే పరికరం తగిలించుకుని ప్రిన్సిపాలమ్మ కూర్చుంది. ఆకు లోపలి నిర్మాణం గురించిన పాఠం ఇచ్చారు. రెండు పేజీలు సాఫీగా సాగాక, "పక్కనున్న పటము చూడుము" అన్న వాక్యం వచ్చింది. ఆమె ఆగిపోయింది. కాసేపు ఆ పటం వైపు చూసి, పుస్తకంలో లేని మాటలు మొదలుపెట్టింది. ఆకును అడ్డంగా కోశాం అనుకోండి. పైనా కిందా పలచటి పొరలు, దుప్పటీ పరుపూ లాగా. పై పొర కింద నిలువుగా, పెట్టెలో అగ్గిపుల్లలు నిలబెట్టినట్టు ఒత్తుగా ఒక వరస. దాని కింద వదులుగా, గులకరాళ్ల మధ్య సందులున్నట్టు ఇంకో వరస. ఆ సందుల్లోంచే గాలి తిరుగుతుంది. చెబుతూ చెబుతూ ఆమె చేతులు గాల్లో ఆకును కోస్తున్నాయి.

ప్రిన్సిపాలమ్మ చెవుల మీది పరికరం తీసి బల్ల మీద పెట్టింది. "ఇంతకు ముందావిడ 'పటము చూడుము' అని చదివేసి పేజీ తిప్పేసేదండీ" అంది. "మా పిల్లలు అక్కడికి రాగానే నవ్వుకునేవాళ్లు." ఆవిడ నవ్వలేదు. సోమవారం నుంచి రాగలరా అని మాత్రం అడిగింది. ఇంట్లో మాట్లాడి చెబుతానంది ఆమె.

బయటికొచ్చేసరికి కుండపోత. గొడుగు లేదు. బడి వరండాలో నిలబడి భర్తకు ఫోన్ చేసింది. వాన తగ్గాక వస్తాను, భోజనాలు బల్ల మీదే ఉన్నాయి, సీసాల్లో అన్నీ వేసి ఉంచాను, ఇవాళ్టికి వాటి సంగతి కాస్త మీరు చూసి ఫ్రిజ్‌లో పెట్టేయండి అని చెప్పింది. "ఆ మాత్రం పెట్టలేనా?" అన్నాడాయన. ఇంటికొచ్చేటప్పటికి వంటింటి గట్టు మీద సీసాలు లేవు. ఎందుకో ఆమెకు ఒళ్లంతా తేలికైనట్టనిపించింది. ఫ్రిజ్ తెరిచి చూడకుండానే వెళ్లి పడుకుంది.

పొద్దున మొదటి చెంచా కూతురిది. సీసాలో గలగలమంది. "అమ్మా, ఇది మోగుతోంది" అంది పిల్ల. భర్త తన సీసాను పళ్లెంలోకి వంచాడు. పొడి ఓట్స్, పొడి గింజలు, అడుగున బిగుసుకుపోయిన ఖర్జూరం ముద్ద. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని లోపలికి చూసింది. "ఇదేమిట్రా, కోళ్లకు వేసే దాణాలా ఉంది?"

ఆయన లేచి వెళ్లి ఫ్రిజ్ తెరిచాడు. లోపల చెయ్యి పెట్టి చూశాడు. వెనక్కి వంగి ప్లగ్గు చూశాడు. "రాత్రంతా కరెంటు ఉందే" అన్నాడు. "ఇది సరిగ్గా పనిచెయ్యడం లేదేమో, ఎవరినైనా పిలిపించాలి."

 కూతురు, నెమ్మదిగా, చిన్నపిల్లవాడితో మాట్లాడుతున్నట్టు అడిగింది.

"నాన్నా, పాలు పోశారా?"

"పాలా?"

పిల్ల పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. అత్తగారు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మొహం ఎర్రబడింది, చివరికి ఆ ఎరుపంతా ఎటు తిరగాలో అటు తిరిగింది. "నువ్వు చెప్పాలి కదా. ఫ్రిజ్‌లో పెట్టమన్నావు, పెట్టాను. అసలు నువ్వు ఇంట్లో ఉండి ఉంటే ఈ గొడవే లేదు. ఒక్క సాయంత్రం వెళ్లొస్తేనే ఇలా ఉంటే రోజూ వెళితే ఇంకేమన్నా ఉందా? ఆ బడి సంగతి ఇక్కడితో వదిలెయ్." రొట్టె ముక్క ఒకటి చేత్తో పట్టుకుని చెప్పులేసుకున్నాడు.

 వాళ్లంతా లేచి వెళ్లాక ఆమె పళ్లెంలోని ఆ పొడి గింజల ముందు కూర్చుంది. రెండేళ్లు. పాలు కాగే వాసన, చల్లారబెట్టిన గిన్నె, సాయంత్రం పూట గరిటె చప్పుడు, అన్నీ ఆయన కూర్చునే కుర్చీకి నాలుగడుగుల దూరంలోనే. తిన్న ప్రతి చెంచాలో పాలున్నాయి. ఆయన చెడ్డవాడు కాదు. జ్వరమొస్తే మందులు తెస్తాడు, పుట్టినరోజు మర్చిపోడు. ఆయన లోకంలో చల్లటి పెట్టెలో పెట్టిన ఎండు గింజలు తెల్లారేసరికి వాటంతటవే మెత్తబడతాయి, అంతే. చూపులేని పిల్లలకు ఆకు లోపల ఏముందో నిన్న చెప్పగలిగింది. ఈ ఇంట్లో ఇన్నేళ్లుగా తను పటము చూడుము అని కూడా అనలేదు. కళ్లున్నవాళ్లు కదా, చూసే ఉంటారనుకుంది.

మధ్యాహ్నం బడికి ఫోన్ చేసింది. ఒక్క ముక్కే చెప్పింది, సోమవారం వస్తున్నానని. ఆ తర్వాత భర్తకూ చెప్పింది. ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. ఆమె పట్టుదల దానంతటదే కరిగిపోతుందిలే అన్నట్టు, ఆదివారం నాటికి మామూలుగా టీవీ చూస్తున్నాడు.

ఆదివారం భోజనాలయ్యాక ఆమె నాలుగో సీసాలోని గుండీలూ పిన్నీసులూ ఒక రేకు డబ్బాలోకి వంచింది. సీసాను వేడినీళ్లతో రెండుసార్లు కడిగింది. ఓట్స్ వేసింది. తనకు ఏమిటి ఇష్టమో తేల్చుకోవడానికి అల్మారా ముందు చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. చివరికి అరటిపండూ, తేనే, తోలు తియ్యని బాదం పప్పులూ వేసి, పాలు పోసి, అడుగుదాకా కలిపి మూత బిగించింది. మిగతా మూడు సీసాల్లోనూ అన్నీ వేసి గట్టు మీద పెట్టింది. వాటిలో పాలు గానీ పెరుగు గానీ పొయ్యలేదు.

అత్తగారు మంచినీళ్లకని వచ్చి గుమ్మంలో ఆగింది. గట్టు వైపు చూసింది, కోడలి వైపు చూసింది. ఇప్పుడు మాట పడుతుందని ఆమె అనుకుంది. ఆవిడ మోకాళ్లు పట్టుకుంటూ లోపలికొచ్చి తన సీసా ముందుకు లాక్కుంది. "పాలెక్కడున్నాయ్?"

"నేను పోస్తాన్లెండి అత్తయ్యా" అంది ఆమె, అలవాటుకొద్దీ.

"నాకు చేతులు పడిపోలేదు." ఆవిడ పాలగిన్నె తనే అందుకుని ఒంటిచేత్తో వంచింది. కొంచెం గట్టు మీద ఒలికింది. మీగడ తరక ఒకటి సీసాలోకి జారింది. ఆవిడ దాన్ని చూసి కూడా అలాగే వదిలేసింది. గరిటె కోసం వెతుక్కుంటూ, కొడుకున్న గది వైపు గడ్డం ఊపింది. "వాడి తండ్రికీ ఇంతే. నేను పుట్టింటికెళ్లిన వారం పాటు ఉప్పు డబ్బా దొరక్క చప్పిడి తిన్నాడు." ఆ తర్వాత కలిపి, మూత పెట్టుకుని, సీసాను గుండెకు ఆనించి తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టింది.

గదిలోంచి భర్త గొంతు వినబడింది. టీవీ మీంచి చూపు తిప్పకుండా అడిగే గొంతు, రోజూ అడిగేదే.

"సీసాలు అయ్యాయా?"

ఆమె పాలగిన్నె ఫ్రిజ్‌లో పెట్టి, చేతులు తుడుచుకుని వంటింటి దీపం ఆర్పింది.

"నాది అయింది. మీది గట్టు మీదుంది, పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి."