మెట్లున్న హోటల్

మొదట్లో ఆమె చేతిలో ఉన్నది ఒక ఫారం. ఆ ఏడాది ఎక్కువ సరుకు అమ్మిన దుకాణానికి దుప్పట్ల కంపెనీ ఇచ్చిన బహుమతి అది: ఇద్దరికి నాలుగు రాత్రులు, రెండు హోటళ్ళలో ఏదో ఒకటి. అమ్మింది ఆమె. బహుమతి వచ్చింది భర్త పేరున.

"సంతకం పెట్టేశాను. ఏ హోటలో నీ ఇష్టం, నువ్వే నింపు," అన్నాడు భర్త ఉదారంగా. దుకాణం కాగితాలన్నీ ఎప్పుడూ అంతే. ముందు ఆయన సంతకం, తర్వాత ఆమె రాత.

ఒకటి పాత నగరం నడిబొడ్డున, నూట యాభై ఏళ్ళ నాటి హోటల్. గదులు మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. రెండోది పల్లెలో ఏటి ఒడ్డున. గుమ్మం దిగితే నీళ్ళే. దుప్పట్లు మడతపెడుతూ రెంటినీ తూచింది. ఆయనకు గాలం వేయడం సరదా. అత్తగారి మోకాళ్ళకు మెట్లు పడవు. కంపెనీ పిలిచింది ఇద్దరినే అయినా ఆవిడ అప్పుడే ప్రయాణం కట్టేసింది: "నాదేముందే, ఓ మూల పడుంటాను." మూల పడుండే మనిషికి తెల్లారేసరికి వేణ్ణీళ్ళు, వేళకు ఉప్పు తగ్గించిన వంట. పల్లె హోటలే నెగ్గేలా ఉంది. కానీ తిరగేసి చూడనిదే ఆమె ఏ సరుకూ తీసుకోదు. ఫోన్ చేసింది.

"గదిలో స్టవ్వు, గిన్నెలు, బట్టలుతికే మిషను అన్నీ ఉంటాయమ్మా," అంది అక్కడి అమ్మాయి. "అచ్చం ఇంట్లో ఉన్నట్టే!"

"వంటెవరు చేస్తారు?"

అమ్మాయి నవ్వింది. "మీరేగా!"

ఆ సంగతి చెబితే భర్త ముఖం వెలిగిపోయింది. "భలే! నేను పట్టుకొస్తా, నువ్వు వేయించు."

"బయటి తిండి నాకు పడదు కూడానూ," అంది అత్తగారు.

ఆమె గుమ్మం దాకా వెళ్ళింది, వెనక్కొచ్చింది, మడతపెట్టిన దుప్పట్లే మళ్ళీ మడతపెట్టింది. కొనేవాళ్ళ చూపు ఏ రంగు మీద ఆగుతుందో వాళ్ళకంటే ముందు పట్టేస్తుంది. తనకు నీళ్ళిష్టమా, పాత గోడలిష్టమా అని వెతుక్కుంటే ఏమీ దొరకలేదు. ఇరవై ఏళ్ళలో ఎవరూ అడగలేదు, తనను తానూ అడగలేదు. లేని సరుకు కోసం అల్మారాలన్నీ తీసి చూసినట్టయింది.

సాయంత్రం ఫారం కోసం కంపెనీ ఏజెంటు వచ్చాడు.

"ఇద్దరికి నాలుగు రాత్రులైతే, ఒక్కరే వెళితే ఎనిమిది ఇవ్వాలిగా తమ్ముడూ?"

అతను తల గోక్కున్నాడు. "ఇలా ఎవరూ అడగలేదక్కా."

"నేనడుగుతున్నా. కనుక్కో."

ఫోన్ చేసి కనుక్కున్నాడు. "ఇస్తారట. ఎవరెళ్తారు, బావగారా?"

ఆమె నగరం హోటల్ ఎదుట టిక్కు పెట్టి, కింద తన పేరొక్కటే రాసి ఇచ్చేసింది.

"అమ్మ మెట్లెక్కలేదు కదే!" అన్నాడు భర్త.

"అత్తయ్యనెందుకు ఎక్కిస్తానండీ? నేనొక్కదాన్నే వెళ్తున్నా."

అత్తగారు గోడవైపు తిరిగి కూర్చుంది. భర్త గాలం తీసి అటక మీద పడేశాడు. ఆమెకైన ఖర్చు అంతే. పాత గోడలు తనకు నచ్చుతాయో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవడానికి ఎనిమిది రోజులు చేతికొచ్చాయి.