కదలని నీలం చుక్క

పాలు కాచి తోడు పెట్టాలి. మినప్పప్పు నానబోసుకోవాలి. కొట్టుకి క్యారేజీ సర్దాలి. మరిది నిరంజన్ వంకాయ ముట్టడు కాబట్టి అతనికి వేరే కూర చేయాలి. నెల మొదటి వారం గనక కొట్టు జీఎస్టీ బిల్లులు కంప్యూటర్లో ఎక్కించాలి. సంవత్సరీకం తిథి ఎప్పుడొచ్చిందో శాస్త్రిగారికి ఫోన్ చేసి అడగాలి. మేడ మీద ఆరేసిన వడియాలు వాన రాకముందే తీయాలి. పోయిన మనిషి ఫోన్లో ఉన్న యాప్ తీయించేయాలి.

కొన్ని మావయ్యగారు మల్లేశ్వరరావుగారు చెప్పులేసుకుంటూ చెప్పిన పనులు, మిగతావి ఎవరూ చెప్పకుండానే నావైపోయినవి. చివరిది మాత్రం కొత్తది. ఆ పొద్దున్నే ఆయనకి బ్యాంకు నుంచి మెసేజీ వచ్చింది. నా భర్త లోకనాథ్ ఫోన్లో ఉన్న ఒక యాప్‌కి ఇంకో ఏడాది చందా కొట్టు ఖాతాలోంచి దానంతటదే పోయింది. "మనిషే లేకపోయాక ఇంకా చందా ఏంటమ్మా? డిగ్రీ చదివావు గదా, ఆ డబ్బులు వెనక్కి రప్పించు," అన్నారు. మా ఇంట్లో నా డిగ్రీ ఇలాంటప్పుడే గుర్తొస్తుంది. రావులపాలెంలో చిన్న కిరాణా కొట్టు నడుపుకునే మా నాన్న, తమ వంశంలో మొదటి డిగ్రీ అని ఆ కాగితానికి అద్దం కట్టించి పప్పు డబ్బాల పైన తగిలించాడు. ఇక్కడ, రాజమండ్రిలో స్టీలు సామాన్ల కొట్టు వారి ఇంట్లో, అది బిల్లులకీ, పన్నులకీ, కరెంటాఫీసు అర్జీలకీ పనికొస్తుంది. "మా కోడలే చూసుకుంటుందండీ, మాకు గుమాస్తా ఖర్చు లేదు," అని మావయ్యగారు కొట్టుకి వచ్చినవాళ్ళకి చెప్తారు. చెప్పేటప్పుడు నావైపు ప్రేమగానే చూస్తారు. జీతం మాట నేను ఎత్తలేదు, ఆయనకి తట్టలేదు.

ఆ యాప్ సంగతి చెప్పాలి. పెళ్ళైన కొత్తలో మా ఆయనే నా ఫోన్లో వేసిపెట్టారు. "రోజులు బాగాలేవు మీనా, నీ భద్రత కోసమే," అన్నారు. ఫ్యామిలీ ప్లానట. మాకు పిల్లల్లేరు, కాబట్టి ఫ్యామిలీ అంటే ఆయనా నేనూ. నేనెక్కడుంటే ఆయన ఫోన్లో మ్యాపు మీద అక్కడొక నీలం చుక్క వెలుగుతుంది. ఆయనెక్కడున్నారో నా ఫోన్లో కనపడేది కాదు, దానికి వేరే సెట్టింగ్ ఉందన్నారు. నేను గేటు దాటగానే ఆయన ఫోన్ టింగుమని మోగి, ఒక ఆడగొంతు ఇంగ్లీషులో "మీనా హాజ్ లెఫ్ట్ హోమ్" అని ప్రకటించేది. ఆయన నన్నెప్పుడూ కొట్టలేదు. గట్టిగా అరిచిన గుర్తు కూడా లేదు. అన్నం కలుపుకుంటూ, తలెత్తకుండా అడిగేవారు. "రావులపాలెంలో బస్సు దిగాక అరటి మార్కెట్టు దగ్గర చాలాసేపున్నావే?" మా నాన్న గెలలు బేరమాడుతుంటే నిలబడ్డానండి, అనేదాన్ని. "నేనేమన్నా అన్నానా? అడిగానంతే." ఇంకోరోజు, "జాకెట్లు కుట్టే ఆవిడ ఇల్లు ఇటుంటే జాంపేట సందులోకి ఎందుకెళ్ళావ్?" దారి తవ్వేశారండి, అన్నాను. "ఓహో," అన్నారు. ఆ ఓహో తర్వాత రెండ్రోజులు మాటలుండేవి కావు. అత్తయ్యగారు మజ్జిగ వడ్డిస్తూ మా ఇద్దరి మొహాలూ చూసేవారు, ఏమీ అనేవారు కాదు. ఒకసారి ఫోన్ కావాలనే ఇంట్లో వదిలి కూరగాయలకి వెళ్ళొచ్చాను. "ఫోన్ వదిలేసి వెళ్ళేంత పనేంటో," అన్నారు నవ్వుతూ, ఆ నవ్వు పెదాలు దాటలేదు. అప్పటినుంచి ఆగడం మానేశాను. రోడ్డు మీద చిన్నప్పటి స్నేహితురాలు పేరు పెట్టి పిలిస్తే నడుస్తూనే చెయ్యూపాను. చెప్పు తెగితే కాలీడ్చుకుంటూ వచ్చాను గానీ చెప్పులు కుట్టే అతని దగ్గర నిలబడలేదు. బయటికి అడుగు పెట్టకముందే జవాబులు సిద్ధం చేసుకునేదాన్ని. ఎవరూ అడగని ప్రశ్నలకి కూడా నా దగ్గర జవాబులుండేవి. కాలు ముందుకెళ్తుంటే మనసు వెనక్కి తిరిగి సంజాయిషీ చెప్పుకుంటూ నడిచేది.

పోయిన శ్రావణంలో కొట్లోనే, గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారు. గుండె. నేను ఏడ్చాను, ఆ ఏడుపు నిజమే. ఆయన నంబరు కొట్టు బోర్డు మీద ఉంది గనక సిమ్ తీయలేదు. ఫోన్‌ని అత్తయ్యగారు ముందుగదిలో దండ వేసిన ఫోటో కింద పెట్టి, ఛార్జర్ ఎప్పుడూ తీయనిచ్చేవారు కాదు. కార్యక్రమాలన్నీ అయ్యాక మొదటిసారి బ్యాంకు పని మీద బయల్దేరాను. గేటు దాటానో లేదో, ఫోటో కింది నుంచి టింగుమని, "మీనా హాజ్ లెఫ్ట్ హోమ్."

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. లోపల అత్తయ్యగారు ఫోటో ముందు కూలబడి, "చూశావమ్మా, నా బాబు ఇంకా నిన్ను కనిపెట్టుకునే ఉన్నాడు," అని వెక్కివెక్కి ఏడ్చారు. ఆ సాయంత్రమే నా ఫోన్లోంచి యాప్ తీసేశాను. పీడ వదిలిందనుకున్నాను. తెల్లారేసరికి ఆయన ఫోన్ "మీనా కనిపించడం లేదు" అన్న అర్థం వచ్చే ముక్క ఇంగ్లీషులో పదేపదే అరవడం మొదలుపెట్టింది. నేను వంటింట్లో వాళ్ళ కళ్ళెదుటే దోసెలు పోస్తున్నాను, అది మాత్రం నేను కనిపించడం లేదని అరుస్తూనే ఉంది. సౌండ్ తగ్గిస్తే అత్తయ్యగారు మళ్ళీ పెంచేవారు. ఫోన్ తెరిచి ఆపుదామంటే లాకు ఎవరికీ తెలీదు. నిరంజన్ సెల్‌షాపుకి తీసుకెళ్ళి, "బలవంతంగా తెరిస్తే లోపలున్నవన్నీ చెరిగిపోతాయంట వదినా," అని తిరిగి తెచ్చాడు. ఆ మాట విని అత్తయ్యగారికి బీపీ పెరిగి మంచం పట్టారు. మర్నాడు నా చేతులతో నేనే ఆ యాప్ మళ్ళీ వేసుకున్నాను. లేని మనిషి కోసం నా చుక్కని నేనే వెలిగించాను.

అలా పది నెలలు గడిచాయి. ఈమధ్య ధవళేశ్వరంలో ఒక ఆడిటరుగారి ఆఫీసులో మధ్యాహ్నాలు పనికి కుదిరాను. మావయ్యగారు "మన బిల్లులు ఆగకుండా చూసుకో," అని ఒప్పుకున్నారు. నేను బయల్దేరితే ఫోన్ చెప్తుంది, ఆఫీసు చేరితే చెప్తుంది, తిరిగొస్తే చెప్తుంది. బస్సు ఆలస్యమైతే నాకు చెమటలు పడతాయి. ఎవరికి జవాబు చెప్పాలి? ఎవరూ లేరు. అయినా మెడ వెనక ఆ గొంతు వినిపిస్తుంది, అన్నం కలుపుకుంటూ తలెత్తకుండా అడిగే గొంతు. ఇంకో ఏడాదికి చందా కట్టారని తెలిసిన పొద్దున్న, కట్టింది కొట్టు ఖాతా కాదు, మా ఆయనే వచ్చి కట్టి వెళ్ళారనిపించింది.

మిగతా పనులన్నీ అయ్యాక, ఆఫీసుకి సెలవు చెప్పి, యాప్ స్టోర్ వారి సహాయం పేజీలు చదివాను. పరీక్షకి చదివినట్టు చదివాను. యాప్ తీసేస్తే చందా ఆగదు. చందా రద్దు వేరే చేసుకోవాలి, అదీ కొన్నవాళ్ళ స్టోర్ ఖాతాలోంచే, అంటే ఆయన ఫోన్లోంచే. రద్దు చేసినా, కట్టేసిన గడువు తీరేదాకా అది పనిచేస్తూనే ఉంటుంది. అంటే ఈ ఏడాదంతా నా చుక్క వెలుగుతూనే ఉంటుంది. డబ్బు వెనక్కి కావాలంటే అది విడిగా అడగాలి. కొన్న కొద్దిరోజుల్లోనే అడగాలి. ఇస్తారో ఇవ్వరో వాళ్ళిష్టం. ఇస్తే, ఎక్కడినుంచి వెళ్ళిందో అక్కడికే తిరిగొస్తుంది, సేవ అక్కడితో ఆగిపోతుంది. ఈ చివరి ముక్క దగ్గర ఆగి మళ్ళీ చదివాను. మావయ్యగారికి కావలసింది డబ్బు. నాకు కావలసింది ఆ డబ్బు వెనక వచ్చే నిశ్శబ్దం.

అత్తయ్యగారు ఫోటో ముందు ఒత్తులు చేసుకుంటున్నారు. ఎదురుగా కూర్చున్నాను.

"అత్తయ్యగారూ, ఆ ఫోన్ లాకు ఎలాగైనా తీయించాలండి."

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"చందా ఆపడానికి. మావయ్యగారు చెప్పారు."

"ఆపితే ఇది మోగదా?"

"మోగుతుందండి. వచ్చే ఏడాదికి డబ్బు పోదు, అంతే. ఈ ఏడాదంతా మోగుతూనే ఉంటుంది."

ఆవిడ మొహం తేటపడింది. "అయితే సరే, ఆపించు." అక్కడితో ఊరుకుని, ఆవిడకి తెలీకుండా మిగతాది చేసుకోవచ్చు. అలా చాటుగా బతికి బతికి నాకు విసుగొచ్చింది.

"నాకు ఆపడం చాలదండి. డబ్బు వెనక్కి అడుగుతాను. ఇచ్చారంటే అప్పటికప్పుడు ఇది మూగబోతుంది."

ఆవిడ చేతిలో పత్తి కింద పడింది. "ఆ డబ్బులు మీ మావయ్య మొహాన నేను పడేస్తాను. నా గాజులు అమ్మైనా పడేస్తాను. దాని మానాన దాన్ని మోగనీ మీనా. అది ఆగిందంటే నా కొడుకు నిజంగా పోయినట్టే గదమ్మా."

"అది ఆయన పిలుపు కాదండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నేను ఇంట్లో పడుకుంటే అది మోగుతుందా? నేను గేటు దాటితేనే మోగుతుంది. అది నేనండీ. ఇన్నాళ్ళూ మీరు వింటున్నది నా అడుగుల చప్పుడు."

వీధిలో అరటిపళ్ళ బండివాడు కేకేసుకుంటూ పోయాడు. ఆవిడ పత్తి ఏరుకుంటున్నట్టు కిందకే చూస్తూ మొదలుపెట్టారు.

"వాడు అన్నం తింటూ అందులో చూస్తూ కూర్చునేవాడు గదా. నేను మజ్జిగ గిన్నె పట్టుకుని వెనకాల నిలబడి చూసేదాన్ని. నాకు ఇంగ్లీషు రాదు గానీ ఆ నీలం చుక్క నువ్వని తెలుసు. ఒకరోజు నువ్వు కోటిలింగాల రేవు దగ్గర ఆగిపోయావు. చుక్క కదల్లేదు. వాడు ముద్ద కలపడం ఆపేశాడు. మెడ నరం తేలింది. నేను వెనకాల నిలబడి, కదలమ్మా, కదులు తల్లీ, వాడు లేచేలోపు కదులు, అని మొక్కుకున్నాను. కన్నకొడుక్కి నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేకపోయాను. నీకు మొక్కుకున్నాను."

ఆ రోజు నాకు గుర్తుంది. వరదనీళ్ళు ఎర్రగా సుడులు తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఉన్నట్టుండి భయమేసి, వెనక ఎవరో నెట్టినట్టు కదిలాను. ఆ నెట్టింది ఆయనే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ.

అత్తయ్యగారు ఫోన్ తీసి, చెంగుతో అద్దం తుడిచి, తెర మీద తొమ్మిది చుక్కల్ని చూపుడువేలితో కలిపారు. కింది మూల నుంచి పైకి, అక్కణ్ణుంచి ఏటవాలుగా, మళ్ళీ అడ్డంగా. ఫోన్ తెరుచుకుంది.

"మీకు తెలుసా?" అన్నాను.

"చుక్కలు కలపడం రాదేంటమ్మా నాకు? వాడు రోజూ నా కళ్ళముందే వేసేవాడు," అన్నారు. "చెప్తే ఇది ఆపేస్తారని చెప్పలేదు."

చందా రద్దు చేశాను. తర్వాత డబ్బు వెనక్కి అడిగే చోటికి వెళ్ళాను. కారణం ఎంచుకోమంది. ఏమేం ఉన్నాయో చదివి చెప్పమన్నారు అత్తయ్యగారు. పొరపాటున కొన్నాను, నా అనుమతి లేకుండా ఇంట్లోవాళ్ళు కొన్నారు, సరిగ్గా పనిచేయడం లేదు, ఇక అవసరం లేదు. ఒక్కొక్కటే తెలుగులో చెప్పాను. ఆవిడ కొడుకు ఫోటో వైపు చూసి, "పొరపాటు అన్నదే పెట్టమ్మా. ఎవరి పొరపాటని అడగదు గదా?" అన్నారు.

"అడగదండి."

రెండోనాడు కొట్టు ఖాతాలో డబ్బు పడింది. "చదువంటే అదీ," అన్నారు మావయ్యగారు క్యారేజీ అందుకుంటూ. ఆ మధ్యాహ్నం ఆఫీసుకి బయల్దేరి, గేటు దాటి, అలవాటుగా నిలబడ్డాను. ఏమీ మోగలేదు. అత్తయ్యగారు కూడా లోపల చెవులు రిక్కించే ఉంటారు. ఇల్లంతా ఊపిరి బిగబట్టినట్టుంది. ఫోన్లో ఆగిపోయింది గానీ నా లోపల ఆగలేదు. బస్సెక్కాక కూడా, ఆలస్యమైతే ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. దానికి రద్దు ఎక్కడ నొక్కాలో ఏ పేజీలోనూ రాయలేదు.

వారం తిరిగిందో లేదో, ఒక శుక్రవారం నేను పని నుంచి వచ్చేసరికి మావయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "మీ అత్తయ్య ఏదమ్మా?"

వంటింట్లో లేరు. మేడ మీద లేరు. పక్కింట్లో లేరు. ఆవిడ చిన్న ఫోన్ బియ్యం డబ్బా మీద ఉంది. "పెళ్ళైన్నాటి నుంచి నాకు చెప్పకుండా వీధి మలుపు తిరగలేదు ఈవిడ," అంటూ మావయ్యగారు అటూ ఇటూ తిరిగారు. నిరంజన్ బండి తీసుకుని రెండు వీధులు చూసొచ్చాడు. రేవు వైపు వెళ్ళారేమో, ఎవరన్నా చూశారేమో, ఎవర్ని అడగాలి, ఎక్కడిదాకా వెళ్ళి ఉంటారు, ఎంతసేపైంది అని లెక్కలు వేస్తూనే ఉన్నాను. ఆవిడ ఎక్కడున్నారో ఒక్క చుక్క కనపడితే బాగుండుననిపించింది. అలా అనిపించిన మరుక్షణం ఒళ్ళు జలదరించింది.

దీపాలు పెట్టే వేళకి ఆవిడే గేటు తీసుకుని వచ్చారు, నింపాదిగా.

"ఎక్కడికెళ్ళావు?" అన్నారు మావయ్యగారు.

"బయటికి."

"బయటికంటే?"

"బయటికేనండి," అని చెప్పులు విడిచారు.

నా నోట్లోకి ప్రశ్న వచ్చేసింది. ఇంతసేపు ఎక్కడ ఆగారండీ? అచ్చం మా ఆయన గొంతుతో, అదే నెమ్మదితో వచ్చింది. చీర కుచ్చిళ్ళు తడిగా ఉన్నాయా, కాళ్ళకి ఇసక అంటిందా అని నా కళ్ళు కిందికి జారబోయాయి. వాటిని బలవంతాన పైకి లాక్కున్నాను. చెంబుతో మంచినీళ్ళు ఇచ్చాను. ఆవిడ తాగి, నా మొహంలోకి చూసి, నేనేమీ అడగకపోవడం చూసి, చెంబు నా చేతికిచ్చారు.

ఆ శుక్రవారం సాయంత్రం రాజమండ్రిలో, చేతిలో సంచీ లేకుండా, పక్కన ఎవరూ లేకుండా, ముదురాకుపచ్చ నేతచీరలో ఒక పెద్దావిడ ఏ పనీ లేనట్టు ఎక్కడో నిలబడి మీకు కనిపించి ఉంటే, ఆవిడ మా అత్తయ్యగారు, సత్యవాణిగారు. దయచేసి ఆవిడని గుర్తుంచుకోండి. ఎక్కడ చూశారో మాత్రం నాకు చెప్పకండి.