వంటింట్లో మంచం

తుంటి ఎముక ఆపరేషన్ బాగానే జరిగింది. వచ్చిన చిక్కంతా ఆ తర్వాతే.

మామయ్య ఉద్యోగమంతా టిక్కెట్లు కూడా తనే కొడుతూ బస్సు నడిపిన మనిషి. రిటైరైనా ఆయన నోటికి మాత్రం రిటైర్మెంటు లేదని కోడలు వేళాకోళమాడేది. స్నానాలగదిలో కాలుజారి పడ్డాడు. ఆపరేషన్ చేసి సెల్లార్లో ఉన్న వార్డుకి పంపారు. అక్కడ కిటికీ అన్నదే లేదు. ట్యూబులైట్లు ఎప్పుడూ వెలుగుతూనే ఉండేవి. మందుల వాసనే తప్ప గాలి ఉండేది కాదు.

"తెల్లారిందా అమ్మాయ్?" అని మొదట్లో గంటకోసారి అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు. నిద్ర లేదు, మెలకువా లేదు. ఉన్నట్టుండి, "ముందుకి జరగండి! డోర్ దగ్గర నిలబడొద్దు!" అని కేకలు మొదలుపెట్టాడు. పక్క మంచాలవాళ్ళు నవ్వారు. కోడలికీ నవ్వొచ్చింది. ఆయన ఆమెని ఎగాదిగా చూసి, "ఎవరమ్మా నువ్వు? ఎక్కడ దిగాలి?" అన్నాడు.

సెలైన్ సూది పీకేస్తున్నాడని నర్సు ఆయన రెండు చేతుల్నీ మంచానికి కట్టేసింది. తండ్రిని అలా చూడలేక కొడుకు బయటికెళ్ళిపోయాడు. "నాకేం పాలుపోవట్లేదు. నువ్వే ఏదోటి చెయ్యి" అన్నాడు భార్యతో.

ఆమె డాక్టర్ని పట్టుకుంది.

"ఈ వయసులో ఆపరేషనయ్యాక ఇలా అవుతుంటుందమ్మా. పగలో రాత్రో తెలియని చోట ఇంకా ముదురుతుంది."

"అయితే కిటికీ ఉన్న వార్డుకి మార్చండి."

"పైన ఖాళీ లేదు."

"ఇంటికి తీసుకెళ్తా."

"ఇప్పుడే వద్దు. ఊపిరితిత్తులకి నెమ్ము చేరితే ఇంట్లో కష్టం."

అయినా ఆమె తీసుకొచ్చేసింది.

ఇంట్లో ఎండ వచ్చే కిటికీ వంటింట్లో ఒక్కటే. పొయ్యి, గిన్నెలు ముందుగదిలోకి చేరేసి, కిటికీ పక్కన మంచం వేసింది. పొద్దున్నే ఎండ దుప్పటి మీదికి పాకేది. పగలు ఆయన్ని కునుకు తియ్యనిచ్చేది కాదు, చీకటిపడితే లైటు ఆర్పేసేది. మొదట్లో బస్సు నడుస్తూనే ఉంది. తర్వాత కేకలు తగ్గి, రాత్రిళ్ళు నిద్ర పట్టసాగింది.

ఒక పొద్దున ఆమె ఆయన మంచం పక్కన కూర తరుగుతోంది.

"ఏవమ్మాయ్, ఎదురింటి ట్యాంకు పొంగిపోతోంది. ఎవరికీ పట్టదా?"

కత్తిపీట ముందునుంచి ఒక్క ఉదుటున లేచింది. "మామయ్యా, నేనెవర్ని?"

"వెర్రిదానివి. ఇంకా కావాలంటే నా కోడలివి." ఆయన కళ్ళు మణికట్ల మీది గాట్ల దగ్గర ఆగాయి. "ఇవేంటి?"

"సూదులు పొడిచారు మామయ్యా."

"కట్టేశారు కదూ?"

ఆమె దుప్పటి ఆయన చేతుల మీదికి లాగింది. ఆయన మొహం కిటికీవైపు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇల్లు ఇల్లులా ఉంది. కొడుకు పనినుంచి రాగానే ఆయన మంచం అంచున చేరేవాడు. తండ్రి వాడి స్కూటర్ శబ్దం విని బ్రేకులు అరిగాయని తిట్టేవాడు. ఆ తిట్లకి కొడుకు మొహం వెలిగిపోయేది.

అప్పుడు దగ్గు పట్టుకుంది. వెనకే జ్వరం. డాక్టర్ భయపడ్డ నెమ్మే.

"ఆస్పత్రికి పోదాం నాన్నా" అన్నాడు కొడుకు.

"పైన మంచం ఉంటే చెప్పు, వస్తా. ఆ గుంటలోకి మాత్రం రాను. అక్కడ నాకు నేనే లేకుండా పోయాను రా."

పైన మంచం దొరకలేదు. డాక్టర్ ఇంటికొచ్చి ఇంజెక్షన్లు చేసి వెళ్ళేవాడు. అవి పనిచెయ్యలేదు. ఒక మధ్యాహ్నం, కొడుకు చెయ్యి పట్టుకుని, వాడిని పేరుపెట్టి పిలిచి, ఆయన కన్నుమూశాడు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, భర్త గోడకి చేరబడి అన్నాడు.

"అక్కడే ఉంచితే బతికేవాడు."

'నువ్వే ఏదోటి చెయ్యమన్నావుగా' అన్న మాట ఆమె గొంతుదాకా వచ్చింది. అనలేదు. "బతికేవాడేమో" అంది.

మర్నాడు అతనొక్కడే మంచం విప్పి, పొయ్యి వంటింట్లోకి చేర్చాడు. ఆమె సాయం పట్టబోతే వద్దన్నాడు. అక్కడే ఉంచితే అన్న మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఆమె వడ్డిస్తే తినేవాడు, తలెత్తి చూసేవాడు కాదు. ఒక్కోరోజు అతనన్నదే నిజమేమోనని ఆమెకీ అనిపించేది. ఆ రోజు ఆమె అన్నం వదిలేసి లేచేది.