గేటుకు కట్టిన మువ్వ

నేను ఒక మువ్వను. పిల్లల కాళ్ల గజ్జెల్లో ఉండే చిట్టి మువ్వను కాను, ఎద్దు మెడకు కట్టే ఉసిరికాయంత ఇత్తడి మువ్వను. ఇప్పుడు మదనపల్లె పక్కన, కొండకింద వీధిలో, ఒక ఇనుప గేటుకు తీగతో కట్టి ఉన్నాను. పాలవాడు గేటు తీసినా మోగుతాను, గాలి తోసినా మోగుతాను. దారిన పోయేవాళ్లు "ఎంత బాగుందో చూడు, గేటుకు మువ్వ కట్టుకున్నారు" అని ముచ్చటపడుతుంటారు. ముచ్చటా, నా మొహమా! ఎందుకు కట్టారో తెలిస్తే ఇంకోసారి అటు చూడరు.

నన్ను పోతపోసిన కంచరి ముసలివాడు. కడుపులో ఇనుప గుండు పెట్టి, నోటికి చీలిక తీసి, చెవి దగ్గర ఆడించి "ఊఁ, బాగా పలుకుతా ఉంది" అన్నాడు. నేను విన్న మొదటి మాట అదే. నన్ను మెచ్చుకున్న మనిషి కూడా దాదాపు అతనొక్కడే. తర్వాత ఒక బండి ఎద్దు మెడలో చాలా ఏళ్లు ఉన్నాను. మలుపులో ఎదురొచ్చేవాళ్లకు బండి వస్తోందని ముందే చెప్పడం నా పని. ఆ పనంటే నాకు గర్వంగా ఉండేది. అంతలో ట్రాక్టరు వచ్చింది. ట్రాక్టరుకు మెడ లేదు. నన్ను తెచ్చి సంతలో తుప్పు తాళాల పక్కన, పాత గరిటెల మధ్య పోశారు.

అక్కడ నన్ను చేతికి తీసుకున్నది ప్రభావతమ్మ. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. పెళ్లి మాటెత్తితే "ఊరందరికీ లైను కలిపేసరికే సరిపొయ్యింది, నాకు తీరికెక్కడుంది?" అని నవ్వేసేది. కొండకింద చిన్న ఇల్లు, ఇంటి వెనక తోట, తోటలో ఒక జామచెట్టు, నాలుగు మందారాలు, పిట్టలకు నీళ్లు పోసే మట్టి మూకుడు, వీటన్నిటికీ కాపలాగా బొగ్గు అనే నల్ల కుక్క. ఇదీ ఆమె సంసారం.

దీపావళి దాటి చలి మొదలైతే చాలు, ఆమెకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. మఫ్లరు చుట్టుకుని, బొగ్గును వెంటేసుకుని, మంచు విడవకముందే కొండదారి పట్టేది. వచ్చిన చిక్కల్లా బొగ్గుతోనే. పొదలో కౌజు పిట్ట కదిలిందో లేదో, పొదతో సహా మీద పడేవాడు. అందుకని నన్ను వాడి మెడపట్టీకి కట్టింది. "నువ్వు వస్తా ఉండావని వాటికి ముందుగానే తెలియాల రా, నల్లోడా" అంది. నా పాత ఉద్యోగం నాకు మళ్లీ దొరికింది. ఎంత పొంగిపోయానో!

పక్కింటి చలపతి మాత్రం గోడ మీది నుంచి పగలబడి నవ్వాడు. "పిట్టల్ని చూసేదానికి పోతా కుక్కకు మువ్వ కట్టేదేందక్కా? అవన్నీ ఎగిరిపోతే ఇంక నువ్వు చూసేది ఆకాశాన్నేనా?"

"నాకు అవి కనబడకపోయినా పర్వాలేదు నాయనా, వాటికి ఇది వినబడితే చాలు."

ఇంటికొచ్చాక ఒక పద్ధతి ఉండేది. బొగ్గును వసారా స్తంభానికి కట్టేసి, మెడపట్టీ విప్పి, నన్ను గట్టిగా ఆడించేది. కుక్కను కట్టేశాను, ఇంక దిగి రండి అని పిట్టలకు కబురన్నమాట. ఆ వెంటనే దోసెడు సజ్జలు చల్లేది. మొదట్లో ఏ పిట్టా నమ్మలేదు. నమ్మడానికి ఒక చలికాలమంతా పట్టింది. ఆ పై ఏడు నేను పలికీ పలకకముందే చుక్కల గువ్వలు జామకొమ్మల మీంచి టపటపా దిగేవి. గోరింకలు కొట్లాడుకుంటూ వచ్చేవి. కంచెకింద నుంచి కౌజు పిట్టలు మెడలు సాచి చూసి, గుడుగుడుమని పరుగెత్తుకొచ్చేవి. కొండమీద నా చప్పుడుకు పారిపోయే పిట్టలే తోటలో నా చప్పుడుకు కాళ్ల దగ్గరికి వచ్చేవి. ఒక్క గొంతుతో రెండు మాటలు చెప్పడం నేర్చుకున్నానని ఎంత విర్రవీగానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

చలపతిది సిమెంటు కొట్టు. ఒంట్లో చక్కెర చేరిందని డాక్టరు నడవమన్నాడు. అలా ఆ ఏడు కార్తీకం పాడ్యమి నుంచి మా వెంట పడ్డాడు. మొదట్లో ఆయాసం, విసుగు. పోనుపోను అతనికీ రుచి తగిలింది. "అక్కా, అదేందీ, నెత్తిన టోపీ పెట్టుకున్నట్లుండాదే?" అంటే "పికిలి పిట్ట" అని ఆమె చెప్పేది. కార్తీకమంతా నీచు ముట్టనని మొక్కుకున్నాడట. పొద్దున్నే చన్నీళ్ల స్నానం చేసి, నుదుట విభూది పెట్టుకుని, పిట్ట పేర్లు వల్లెవేస్తూ నడిచే ఆ మనిషిని చూసి నేను కరిగిపోయాను. ఇత్తడి అంత తేలిగ్గా కరగదంటారు. నేను కరిగాను.

ఒకరోజు తోటలో ఒక గువ్వ కాలికి గాలిపటం దారం చుట్టుకుని కుంటుతోంది. ప్రభావతమ్మకు కంటిలో పొర, దారం ఆనలేదు. చలపతే దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, చంటిపిల్ల గోరు తీసినంత జాగ్రత్తగా బ్లేడుతో దారం కోశాడు. అప్పటికే వేలు ఒకటి ఊడిపోయింది. "పాపం తల్లీ, పాపం తల్లీ" అంటూ అతను కళ్లు తుడుచుకోవడం నేను ఈ ఇత్తడి కళ్లతో చూశాను. ఆ గువ్వ మర్నాడు కూడా వచ్చింది, అతని చెప్పు పక్కనే నిలబడి గింజలు తింది.

కార్తీకం చివర్లో ప్రభావతమ్మకు కంటి ఆపరేషన్ ఖాయమైంది. పట్నానికి పోయి, పాత స్నేహితురాలి ఇంట్లో కొన్నాళ్లు ఉండి రావాలి. బయల్దేరుతూ బొగ్గును అప్పగించి, నన్ను చలపతి అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. "ఈ చలిలో గింజ దొరక్క అల్లాడతాయి నాయనా. రోజూ మువ్వ ఆడించు. నువ్వైతే వాటికి కొత్త కాదు."

"నువ్వు నిబ్బరంగా పోయిరా అక్కా. నేను లేనా?"

ఉన్నాడు. అమావాస్య వరకూ మాట తప్పకుండా ఉన్నాడు. అమావాస్య వెళ్లి పోలి పాడ్యమి దీపాలు నీళ్లలో వదిలిన పొద్దున, చలపతి బావమరిది మునిరత్నం బస్సు దిగాడు. నెల్లాళ్లు నోరు కట్టుకున్న ఇల్లు. చలపతి భార్య నాగరత్న మసాలా నూరుతోంది. కోడి తేవాలా, పొట్టేలు మాంసం తేవాలా అని మాట నడుస్తుండగా, గోడవతల దిగిన కౌజు పిట్టల్ని చూసి మునిరత్నం లొట్టలేశాడు.

"ఆ కౌజుల కూర తిని ఎన్నేండ్లాయె బావా! పట్టేవాళ్లేరీ ఇప్పుడు?"

చలపతి ఊరుకుని ఉంటే నా కథ ఇక్కడితో అయిపోయేది. ఊరుకోలేదు. బావమరిది ముందు గొప్ప చూపించుకోవాలని మీసం దువ్వాడు. "పట్టేదేందప్పా! నేను పిలిస్తే అవే వస్తాయి, చూస్తావా?"

దోమతెర తెచ్చారు. జామచెట్టుకూ దండెపు కొయ్యకూ మధ్య ఎత్తి కట్టారు. బొగ్గును స్తంభానికి కట్టేశారు. నా చేత అబద్ధమాడించడానికి పద్ధతి మాత్రం ఎక్కడా తప్పలేదు! చలపతి నన్ను ఆడించాడు. వద్దు వద్దని అరిచాను. కానీ నా అరుపు, నా పిలుపు రెండూ ఒకటే. గువ్వలు దిగాయి. కౌజులు పరుగెత్తుకొచ్చాయి. అందరికంటే ముందు కుంటి గువ్వ వచ్చి అతని చెప్పు పక్కన నిలబడింది. దోమతెర పడింది.

ఆ మధ్యాహ్నం వాళ్లు తేన్చుతుంటే నేను మేకుకు వేలాడుతున్నాను. ఎద్దు మెడ నుంచి నన్ను విప్పిన రోజు కూడా నాకంత ఏడుపు రాలేదు.

ప్రభావతమ్మ నల్లద్దాలతో తిరిగొచ్చింది. వస్తూనే బొగ్గును ముద్దు చేసి, వాడిని కట్టేసి, నన్ను ఆడించింది. జామచెట్టు మీద ఉన్న రెండు గోరింకలు గుండె పగిలినట్టు ఎగిరిపోయాయి. గువ్వ లేదు, కౌజు లేదు. మళ్లీ ఆడించింది. ఆమె ఎంత పిలిస్తే అంత దూరం పోయాయి. పిచ్చితల్లి, తప్పంతా తన అద్దాలదే అనుకుంది. "ఈ నల్లద్దాలు చూసి బెదురుతాండాయేమో చలపతీ?"

"చలి ఎక్కువైందక్కా, అడవిలోకి పొయ్యుంటాయి" అన్నాడు. ఎంత తడుముకోకుండా అన్నాడో!

రోజూ అదే తంతు. చల్లిన సజ్జలకు చీమలు పడుతున్నాయి. ఆమె మూకుడు కడిగి కొత్త నీళ్లు పోసేది, అద్దాలు తీసి నిలబడేది, మఫ్లరు విప్పి పాత చీర కొంగు కప్పుకునేది, తనను గుర్తుపడతాయేమోనని. నా కడుపులో గుండు ఉన్నందుకు నాకే సిగ్గేసింది. ఒక్కసారి మూగనైపోతే ఈవిడ బతికిపోతుంది కదా అనుకున్నాను.

చివరికి సంగతి బయటపెట్టింది బొగ్గు. ఒక పొద్దున గొలుసు తెంచుకుని గోడ దూకి, చలపతి వాళ్ల అరటిచెట్ల వెనక పెంటదిబ్బ తవ్వి, నోట కరుచుకొచ్చినదాన్ని ఆమె పాదాల దగ్గర పెట్టాడు. నాలుగు ఈకలు, ఒక ఎండిన కాలు. ప్రభావతమ్మ వంగి చూసింది. ఆపరేషన్ అయిన కన్ను అప్పుడే తేటపడుతోంది. మెడ ఈక మీది తెల్లచుక్కలు ఒక్కొక్కటీ కనిపించాయి. కాలికి వేలు లేదని కనిపించింది. ఏళ్ల తర్వాత ఆమె అంత స్పష్టంగా చూసిన మొదటి వస్తువు అదే.

ఈకలు అరచేతిలో పెట్టుకుని, నన్ను ఇంకో చేత్తో పట్టుకుని, చలపతి ఇంటికి నడిచింది. అతను వసారాలో కాఫీ తాగుతున్నాడు. ఆ చెయ్యి చూడగానే గ్లాసు కింద పెట్టేశాడు.

"ఒక్కసారేనక్కా. నెలంతా నోరు కట్టుకుంటిమి. ఇంటికి బావమరిది వచ్చినాడు..."

"ఎట్ల పట్టినావు?"

అతను నా వైపు చూశాడు. "పట్టేదానికి ఏముందక్కా. మువ్వ ఆడిస్తి. కాళ్ల కాడికే వచ్చినాయి."

నాగరత్న తలుపు చాటు నుంచి "వద్దంటే వినలేదు వదినా" అని సణిగింది. వండింది తానే.

ప్రభావతమ్మ అరవలేదు. తిట్టినా బాగుండేది. "దీని కాలి దారం కోసింది నువ్వే కదా నాయనా" అంది. అంతే. వీధిలోకి వచ్చి, చలపతి గేటు దగ్గర పడున్న కట్టుడు తీగ తీసుకుని, నన్ను ఆ గేటుకు మెలివేసి కట్టింది. వేలు గీసుకుని నెత్తురొచ్చినా ఆగలేదు.

"కుక్క వస్తా ఉందని పిట్టలకు తెలియాలని కట్టినా ఇన్నాళ్లు. ఇంక నువ్వు బయటికి వస్తా ఉండావని తెలియాల. విప్పితే మాత్రం ఊరంతా పిలిచి చెప్తా."

అతను విప్పలేదు. ఆమె ఈకలతో వెనక్కి వెళ్లిపోయింది, నా వైపు తిరిగి చూడకుండా. నా తప్పేముందమ్మా? నన్ను ఆడించిన చెయ్యి నీదా, వాడిదా అని చూసి మోగడానికి నాకు తెలివి ఎవరిచ్చారు? ఆ ఒక్క మాట అడగాలని ఇప్పటికీ ఉంది. ఆమె నన్నూ నమ్మడం మానేసింది, అది వాడు చేసినదానికంటే ఎక్కువ నొప్పి.

మళ్లీ చలి వచ్చింది. గోడవతల ఆమె ఇప్పుడు చప్పుడు చేయకుండా సజ్జలు చల్లుతుంది. చల్లి, బొగ్గును ఒళ్లో అదిమిపట్టుకుని కూర్చుంటుంది. మొదట పిచ్చుకలు వచ్చాయి, తర్వాత గోరింకలు. ఈ మధ్యే గువ్వల రెక్కల టపటప విన్నాను. ఇక్కణ్నుంచి నాకు కనబడదు, వినబడుతుంది.

మొన్న పొద్దున చలపతి బయటికి వచ్చాడు. విభూది పెట్టుకున్నాడు, మళ్లీ కార్తీకం కదా. గేటు దగ్గర ఆగి, నన్ను మోగకుండా గుప్పిట్లో పట్టుకున్నాడు. అరచెయ్యి చెమట పట్టి ఉంది. గోడమీదుగా చూస్తూ "చూసేదానికేనే తల్లీ, ఊరికే చూసేదానికే" అని గొణిగాడు. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. అవి నిజమే అయ్యుండొచ్చు. కుంటి గువ్వ ముందు కార్చినవి కూడా నిజమైనవే కదా.

ఆ చెమటకు పట్టు జారింది. నేను మోగాను. నా అంతట నేను మోగాలనుకుని మోగింది ఇన్నేళ్లలో అదొక్కసారే. గోడవతల రెక్కలన్నీ ఒక్కసారిగా లేచి పోయాయి.