రాతికి నత్తి

ఆ ఊళ్లో కొత్త జంట ఇల్లు కట్టుకుంటే గుమ్మం మీది రాతిలో ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలూ చెక్కిస్తారు. ఆడమనిషికి పుట్టింటి పేరే వేస్తారు, మొగుడిది కాదు. ఫెర్గస్ రెనీ ఇంటి గుమ్మం మీద ఎఫ్.ఆర్., ఎం.జి. అని లోతుగా, అందంగా ఉన్నాయి. ఎం.జి. అంటే మైసీ గెడ్డిస్. ఆవిడ పోయింది. ఇప్పుడు ఆ గుమ్మం కింద తిరుగుతున్నది రెండో భార్య, మేరియన్ గౌ. ఎవరి ఖర్మో గానీ ఇద్దరి అక్షరాలూ అచ్చంగా కలిశాయి.

"నువ్వెవరో తెలియకముందే నీ పేరు చెక్కించి పెట్టాను, చూశావా!" అని ఫెర్గస్ మొదట్లో వేళాకోళమాడేవాడు. మేరియన్ నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది? వచ్చినవాళ్లంతా తలెత్తి చూసి, "మీ పేరేనా అండీ?" అనేవారు. "అవునండీ" అనేది.

ఫెర్గస్ ఇళ్ల ప్లాన్లు గీసే మనిషి. యంత్రం చేసిన మేకొక్కటి కూడా గడప దాటకూడదని పట్టుబట్టి ఓక్ చెక్క తలుపులు, ఇనుప గొళ్లేలు అన్నీ చేత్తోనే చేయించాడు. ఇల్లు ఉండే మనిషికి కొలిచి కుట్టిన బట్టలా ఉండాలంటాడు. ఉంది, మైసీకి. ఆవిడ పొడగరి. అలమరాలు, కోట్లు తగిలించే కొయ్యలు అన్నీ ఆవిడ చెయ్యెత్తుకే. పొట్టిదైన మేరియన్ తన వంటింట్లో తనే ఉప్పు డబ్బా కోసం మునివేళ్ల మీద లేవాల్సి వచ్చేది.

అన్నిటికన్నా ఆమెని ఏడిపించింది మెట్ల మలుపులో కిటికీ. దాని కింది అంచు ఆమె నుదుటికి పైన. ఫెర్గస్ రోజూ సాయంత్రం పైపు వెలిగించుకుని అక్కడ నిలబడేవాడు.

"ఏం చూస్తారు అంతసేపు?"

"కొండలు."

దాన్ని కాస్త దించమని ఎన్నిసార్లు అడిగినా, "ఆ గోడ జోలికి పోవద్దు" అనేవాడు. కుర్చీ వేసుకుందామంటే ఆ మలుపులో పట్టదు. పోయినదాని పొడుగు కోసం బతికున్నదాని కళ్లకి గోడ అడ్డం పెట్టాడని మేరియన్ కుమిలిపోయేది. ఈ ఇంట్లో తనదంటూ ఒక్కటి ఉంటే చాలనుకునేది.

చివరికి నవంబరులో ఆమె ఏడుపు చూడలేక ఫెర్గస్ గుమ్మం విషయంలో దిగొచ్చాడు. పాత అక్షరాల పక్కన ఆమెవీ చెక్కించుకోమన్నాడు. సన్నటి వానలో తడుస్తూ, ఎక్కి చెక్కడానికి ఒక రాతి ముక్క మోసుకుని రాతిపని డూగల్ వచ్చాడు.

"ఏం చెక్కమంటారమ్మా?"

"ఎం.జి."

"అదుందిగా!"

"అది నాది కాదు."

డూగల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఎం.జి., ఎం.జి.! రాతికి నత్తి పెట్టమంటారా? నేను తాగి చెక్కానంటారమ్మా జనం."

"అననీ. ముందు ఆ రాతి ముక్క తెచ్చి మెట్ల మలుపులో వెయ్యి. కిటికీ దిగకపోతే నేనే ఎక్కుతాను."

డూగల్ గొణుక్కుంటూనే వేసి కిందికి పోయాడు. మేరియన్ లంగా ఎత్తిపట్టుకుని ఎక్కింది.

కొండలు పొగమంచులో మునిగి ఉన్నాయి. కనిపించింది తోట చివర దట్టంగా పెరిగే యూ చెట్ల వరస. ఏటా వసంతంలో ఫెర్గస్ తోటమాలిని కూడా ముట్టుకోనివ్వకుండా తనే నిచ్చెనెక్కి కత్తిరించే వరస అది. నేల మీంచి చూస్తే గోడలా ఉంటుంది. ఇక్కణ్ణించి చూస్తే మధ్యలో చిన్న సందు, ఆ సందులో చర్చి దగ్గరి సమాధులు, వాటిలో ఒక తెల్లరాయి. ఊళ్లో తెల్లరాయి అదొక్కటే. ఆదివారాలు దాని పక్కనుంచే నడిచి వెళుతుంది కనుక దాని మీద ఎవరి పేరుందో చదవక్కర్లేదు.

"దిగు, మేరియన్." ఫెర్గస్ ఎప్పుడొచ్చాడో కింది మెట్టు మీద ఉన్నాడు. "నీకు కనిపించకూడదనే దించలేదు. బాధపడతావని."

నిజమే చెప్పాడు. అదే భరించలేకపోయింది మేరియన్. కసితో చేసుంటే పోట్లాడేది.

"మరి ఆ కొమ్మలు?" అంది రాయి దిగి. "ఒక్క ఏడాదైనా పెరగనివ్వకపోయారా?"

ఫెర్గస్ పైమెట్టెక్కి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. అతని చూపు ఆమె తల మీంచి కిటికీలోకి వెళ్లింది. ఆమె తల అడ్డం రాలేదు.

మేరియన్ కిందికెళ్లి డూగల్‌ని సామాను సర్దుకోమంది.

"మనసు మారిందా అమ్మా?"

"నత్తి ఎందుకులే."

అతను అటు వెళ్లగానే కొత్త పాదిరి భార్య పలకరింపుకి వచ్చింది. గొడుగు ముడుస్తూ తలెత్తి చూసింది. "ఎంత ముచ్చటగా ఉన్నాయో! మీ పేరేనా అండీ?"

"కాదండీ. ఇంటావిడది."

"అయ్యో, నేను మీరే అనుకున్నా. ఆవిడ ఉన్నారా?"

మేరియన్ తలుపు బార్లా తెరిచి పక్కకి జరిగింది.

"ఉన్నారు. మెట్లెక్కితే కనిపిస్తారు."