మూడో వరస బెంచీ

ఆ చర్చిలో ఆదివారం అందరూ కలిసి ప్రార్థన చేస్తే బెంచీలు జానెడెత్తు పైకి లేస్తాయి. ఆమేన్ అనగానే దిగుతాయి. పైనున్నంతసేపూ పిల్లలు కాళ్లూపుతారు, పెద్దవాళ్లు ఊపొద్దని కసురుతారు.

మూడో వరస బెంచీ మాత్రం ఈమధ్య లేవడం లేదు. బరువెక్కువైందేమోనని వడ్రంగి దాని కాళ్లు చిత్రికపట్టాడు కూడా. ఆ వరసలోనే, గోడవారగా, ఇస్త్రీ షాపు ఆమె కూర్చుంటుంది. మొగుడు పోయిన దగ్గర్నించి ఆమెకు ప్రార్థన రావడం లేదు. ఏడుపూ రావడం లేదు. మొన్న ఇస్త్రీ పెట్టె వేలికి అంటుకుంటే, కమురు వాసన వచ్చాకే తెలిసింది. అప్పుడు కూడా, ముందు చొక్కా కాలిందేమోనని చూసుకుంది.

"చెక్కదేం తప్పు లేదు, నావల్లే లేవట్లేదు," అంది ఆడపడుచుతో, చర్చి మెట్లెక్కుతూ. "అందరికీ గుదిబండనయ్యాను. ఇవాళ వెనక కుర్చీలో కూర్చుంటా. వచ్చేవారం నుంచి ఇక రాను."

"నీ ఇష్టం వదినా," అంది ఆడపడుచు. పోయినవాడు ఆవిడకు తోడబుట్టినవాడు. వాదించే ఓపిక ఆవిడకూ లేదు.

ప్రార్థన మొదలైంది. అన్ని వరసలూ లేచాయి. మూడోది లేవలేదు. ఆడపడుచు గొంతు పెంచింది. పక్కన వడ్రంగి కళ్లు గట్టిగా మూసుకుని చెమటలు కక్కాడు. ఊహూఁ.

"మనిషి తగ్గినా లేవదేంటి?" అన్నాడు వడ్రంగి, కళ్లు తెరిచి.

ఆడపడుచు గోడవారనున్న ఖాళీ వైపు చూసింది. అందరూ ఇరుగ్గానే కూర్చున్నారు, అక్కడికి మాత్రం ఎవరూ జరగలేదు. లేచి వెనక్కి వెళ్లి వదిన చెయ్యి పట్టుకుంది.

"రా."

"నాకు రావట్లేదని చెప్పాగా."

"నిన్నెవరు చెయ్యమన్నారు? ఊరికే కూర్చో. ఇన్నాళ్లూ నువ్వెప్పుడు చేస్తావా అని చూస్తూ కూర్చున్నాం, బుద్ధిలేక. నీ వంతు మేం చేస్తాం."

కూర్చుంది. ఆడపడుచు తన అన్న పేరు ఎత్తి, తర్వాత వదిన కాలిన వేలి గురించి ప్రార్థన చేసింది. వడ్రంగి అందుకున్నాడు. వరసంతా అందుకుంది.

ఆమెకేమీ అనిపించలేదు. కళ్లు తెరుచుకునే ఉంది. ఎడమకాలి చెప్పు జారి కింద నేలమీద పడింది. అది అంత కిందకి ఎలా వెళ్లిందా అని చూస్తూ కూర్చుంది.

వచ్చే ఆదివారం మడమ దగ్గర పట్టీ ఉన్న చెప్పులు వేసుకు రావాలి అనుకుంది.